అరువు కంచాల విందు

కుందవరం రాజు నరవాహనుడికి ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది. తన కూతురి పెళ్లికి వచ్చే మగపెళ్లివారంతా వెండి కంచాల్లోనే తినాలి.

కోరిక బాగానే ఉంది. కోటలో వెండి కంచాలే లేవు. ఉన్నవాటిని కిందటేడు కరిగించి పట్టపుటేనుగుకు గజ్జెలు చేయించాడు. ఏనుగు నడిస్తే ఊరంతా వినిపిస్తుంది. ఖజానా పెట్టె కదిపితే ఏమీ వినిపించదు.

రాజు సభలో ఒక చిన్న డబ్బు సంచి తీసి ముందు పెట్టాడు.

"ఉన్నది ఇంతే. వియ్యంకుడు వీరకేసరి సంగతి మీకు తెలుసు. ఉప్పు తక్కువైందని ఒకసారి సొంత తమ్ముడి పెళ్లిలోనే పంక్తిలోంచి లేచి వెళ్లిపోయాడు. తాళి కట్టేలోపు విందు ఉంది. అక్కడ తేడా వస్తే పెళ్లే ఆగిపోతుంది. ఆగకపోయినా, అంత దూరం వెళ్లి బతకాల్సింది మా అమ్మాయి. కంచం దగ్గర పడ్డ మాట దాన్ని అక్కడిదాకా వెంటాడుతుంది. ఈ పని ఎవరు చూస్తారు?"

చమత్కారి అని పేరున్న సింగరయ్య లేచాడు. "ప్రభూ, మోదుగాకు విస్తళ్లు కుట్టిద్దాం. సంచిలో సగం మిగులుతుంది."

సభ నవ్వింది. కోశాధికారి దండపాణి అందరూ ఆపేశాక కూడా నవ్వాడు. నవ్వినప్పుడు తన మీసం బాగుంటుందని ఆయన నమ్మకం.

"సింగరయ్యగారూ, ఆకులు మేకలకు పెట్టండి. ప్రభూ, ఆ సంచి నాకివ్వండి. ప్రతి ఒక్కరి ముందూ వెండి కంచం పెట్టిస్తాను. పెట్టించలేకపోతే విందయ్యాక ఎంగిళ్లు నేనే ఎత్తుతాను. పెట్టిస్తే ఆయన ఎత్తాలి."

"సరే," అన్నాడు సింగరయ్య. "నా విస్తళ్లు మాత్రం నా ఖర్చుతో కుట్టించి వంటశాలలో పెట్టుకుంటాను."

"పెట్టుకో," అన్నాడు రాజు, ఈగను తోలినట్టు.

దండపాణి సంచి నడుముకు దోపుకుని ఊరిమీద పడ్డాడు. రాజాజ్ఞ అని చెప్పి ఇంటింటా అటక మీది వెండి కంచాలు దింపించాడు. చివరికి సింగరయ్య ఇంటికీ వచ్చాడు. సింగరయ్య భార్య పొన్నమ్మ పెట్టె తెరిచి ఒక పెద్ద కంచం చూపించింది.

"అన్నయ్యగారూ, ఇది మా నాన్న పోయాక ఆయన పేరు కొట్టించి చేయించింది. పెళ్లికి పనికిరాదు."

"వెండి కాదా?"

"వెండే."

"అయితే పనికొస్తుంది. ఇంత వెడల్పు కంచం ఊళ్లో ఇంకోటి లేదు. వియ్యంకుడిగారి ముందు ఇదే పెడతాను."

సింగరయ్య అడ్డుపడ్డాడు. "దండపాణిగారూ, ఎవరింటి కంచం మీదైనా ఏదో ఒక పేరు ఉంటుంది. ఒక్కసారి అంచులు చదివి చూసుకోండి."

"కంచాల గురించి నాకు ఆకులు కుట్టేవాడు చెప్పాలా?" అన్నాడు దండపాణి. కంచాన్ని పైకెత్తి చూసుకున్నాడు కూడా. ఆయనకు మీసం ఒక్కటే కనిపించింది.

విందు రోజు వచ్చింది. పంక్తి పొడుగునా కంచాలు తళతళమన్నాయి. రాజు పొంగిపోయాడు. వీరకేసరి వచ్చి పీట మీద కూర్చుని, తప్పు పట్టడానికి ఏముందా అని కంచం చుట్టూ చూశాడు. అంచు దగ్గర ఆయన చూపు ఆగింది. బిగ్గరగా చదివాడు.

"కీర్తిశేషులు తిరువీధి పెద్దన్నగారి జ్ఞాపకార్థం."

పక్క పీట మీది ఆయన తమ్ముడు తన కంచం చదువుకున్నాడు. "వడ్డీల వీరాస్వామి సొత్తు. తోమి తిరిగి ఇవ్వవలెను."

వీరకేసరి లేచి నిలబడ్డాడు. "నరవాహనా, నన్ను పెళ్లికి పిలిచావా, తద్దినానికి పిలిచావా?"

మేళం ఆగిపోయింది. దండపాణి స్తంభం చాటుకు జరిగాడు. తెర వెనక పెళ్లికూతురు తల్లి చెయ్యి పట్టుకుంది.

సింగరయ్య చేతిలో పచ్చటి విస్తరితో ముందుకు వచ్చాడు.

"మహారాజా, ఒకరు తిని తోమిన కంచంలో మీకు అన్నం పెడితే మా రాజుగారికే అవమానం. ఇదిగో మీ విస్తరి. మీకు ముందు దీంట్లో ఎవరూ తినలేదు, మీ తర్వాత ఎవరూ తినరు. ఏ చక్రవర్తి బంగారు కంచానికి ఆ గొప్ప ఉంది?"

వీరకేసరి విస్తరి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఎంత వెతికినా దాని మీద ఎవరి పేరూ లేదు.

"నిజమే," అన్నాడు. తర్వాత తన మంత్రి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "మన ఇంట్లో నా కంచం నాకు ముందు ఎవరిదయ్యా?"

మంత్రి ఆకాశం వైపు చూశాడు. వీరకేసరి కూర్చున్నాడు. కంచాలు వెళ్లిపోయాయి, విస్తళ్లు పరుచుకున్నాయి, నెయ్యి పడింది. వీరకేసరి పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. ముహూర్తానికి పెళ్లి జరిగింది.

అప్పుడు రాజు దండపాణిని పిలిచాడు. "సంచి ఏమైంది?"

"కంచాల అద్దెకే సరిపోయింది ప్రభూ."

"ఎవరెవరికి ఇచ్చావు?"

"అంతమంది పేర్లు ఎలా గుర్తుంటాయి ప్రభూ?"

సింగరయ్య దగ్గాడు.

"గుర్తుండక్కర్లేదు ప్రభూ, కంచాల మీదే ఉన్నాయి. మొదటిది మా మామగారిది. ఆయనైతే అద్దె పుచ్చుకోవడానికి రాలేడు. ఆయన కూతురికి దమ్మిడీ అందలేదు."

దండపాణి వంగి దణ్ణం పెట్టబోయాడు. నడుము దగ్గర్నుంచి సంచి జారి నేల మీద పడింది. ముడి కూడా విప్పలేదు.

సభ నవ్వింది. ఈసారి దండపాణి నవ్వలేదు. రాజు వేలు చూపించగానే ఉత్తరీయం నడుముకు బిగించి, పంక్తి ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఎంగిలాకులు ఎత్తాడు. మీసానికి పప్పు అంటింది. ఆ తర్వాత కంచాలన్నీ నెత్తిన మోసుకుని, చదువుకుంటూ ఇంటింటికీ తిరిగాడు.

రాజు ఆ సంచిని సింగరయ్య చేతిలో పెట్టాడు. "ఇది నీదే. దీంతో పాటు నీ పేరు కొట్టించి ఒక వెండి కంచం కూడా చేయిస్తాను."

సింగరయ్య చేతులు జోడించాడు.

"చేయించండి ప్రభూ. కానీ త్వరగా కానివ్వండి. నేనుండగానే."