జ్యేష్ఠ పక్కన నల్లని మేఘం

అయ్యవారు కొండకు తిరిగివచ్చే దినం సమీపించినకొద్దీ హేమావతికి అన్నం సహించకుండా పోయింది.

చిదంబరయ్యవారి ఆశ్రమం పెన్నకు దక్షిణాన, ఒక బోడికొండ మీద ఉండేది. వానలు ముఖం చాటుచేసే సీమ అది. దీపాలున్న ఊరు ఆ కొండకు చాలా దూరం. అందువల్ల అక్కడి రాత్రులు నల్లగా, లోతుగా ఉండేవి. ఆయన వద్దకు జపధ్యానాలు నేర్చుకొనడానికి వచ్చినవారు కొందరు, కెమెరాతో ఆకాశాన్ని పటం పట్టడం నేర్చుకొనడానికి వచ్చినవారు కొందరు. ఈ రెండూ వేరువేరు విద్యలని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఒకటేననీ చెప్పలేదు.

అక్కడ పెద్ద దూరదర్శినులేవీ లేవు. మామూలు కెమెరా, దానికొక లెన్సు, ఆకాశం తిరిగే వేగంతోనే మెల్లగా తిరుగుతూ కెమెరాను మోసే చిన్న యంత్రం, ఇంతే. చాచిన చేతి పిడికిలి మరుగుచేయగలిగినంత ఆకాశాన్ని ఆ లెన్సు ఒక్క పటంలో ఇముడ్చుకొనేది. కంటికి శూన్యమని తోచే చోట గంటల తరబడి వెలుతురును కూడబెడితే, ఎర్రని నీహారికలు, నీలిపొగలు, వాటి నడుమ నక్షత్రకాంతికి అడ్డుపడే నల్లని ధూళిమేఘాలు ఒక్కొక్కటిగా తేలివచ్చేవి.

హేమావతి ఆ విద్యలో త్వరలోనే ఆరితేరింది. ఆమె పటాలలో మరింత మెచ్చదగినది పొందిక. ఒక వేకువ ఏ నక్షత్రం పటంలో ఏ మూల పడిందో, మరునాటి వేకువ కూడా వెంట్రుకవాసి తేడా లేకుండా అదే మూల పడేటట్లు ఆమె కెమెరాను నిలపగలదు. అది తనకు తప్ప ఆ కొండమీద మరెవరికీ చేతకాదని ఆమెకు తెలుసు. తెలుసునన్న సంగతి ఆమె నడకలో కూడా కనిపించేది.

పొరుగూరిలో ఇద్దరు అన్నదమ్ముల భూమితగవు తీర్చడానికి అయ్యవారు వెళ్ళిన సమయంలో అది ఆమెకు కనబడింది. వృశ్చికంలో ఎర్రగా వెలిగే జ్యేష్ఠా నక్షత్రం పక్కన, పాలపుంత అంచున, శంఖం వంటి ఒక నల్లని మేఘం. నక్షత్రపటాలన్నీ తిరగవేసింది. ఎక్కడా దాని ఊసు లేదు. వరుసగా నాలుగు వేకువలు అదే ఆకాశాన్ని తీసింది. నాలుగు పటాలలోనూ అదే చోట, అదే శంఖం.

ఆ సంతోషంలో ఆమె రెండు పనులు చేసింది. పటాలను నభోవీక్షక పరిషత్తుకు పంపింది. వారు పొంగిపోయి, తమ వార్షికసభలో ప్రకటిస్తామన్నారు. మేఘానికి పేరేమి పెట్టమంటారని అడిగినప్పుడు ఆమె తడుముకొనలేదు. జీవితమంతా ఆకాశాన్ని చూసి, ఆశ్రమపు తలుపు మీద కూడా తన పేరు రాయించుకొనని మనిషి పేరు ఆకాశంలోనే ఉండాలనుకొన్నది. “చిదంబర మేఘం” అని రాసి పంపింది.

అయ్యవారిని అడగలేదు. అడిగితే వద్దంటారని తెలుసు. సభ జరిగే నాడే అయ్యవారు తిరిగి వస్తున్నారు.

ఆ ముందునాటి సాయంకాలం ఆమె కంచం ముందు ఊరకే కూర్చొని ఉండగా ఓబులేసు చూశాడు. అతడు ఆమెకంటె ముందు వచ్చిన శిష్యుడు. నోరు ఊరకుండదు.

“ఏం చెల్లీ, కంచంలో గూడా మేఘమే కనపడుతుండాదా? తిను.”

“ఆకలి లేదన్నా.”

“నాకొక సందేహం. మేఘమంటే అడ్డం నిలవాల గదా? నీ పటంలో చూస్తే, మేఘం బయట చుక్కలెన్నుండాయో లోపలా అన్నే ఉండాయే!”

హేమావతి ముఖం కందిపోయింది. “పలచని మేఘం. పలచనిదైతే చుక్కలు కనబడవా?”

“అంత పలచనా? మజ్జిగ మాదిరా?”

“నీకు దొరకలేదని ఏడుపు.”

“నాకు దొరికింటే మా అత్త పేరు పెట్టేవాణ్ణి. నలుగురికీ అడ్డం నిలవడం ఆయమ్మకూ అలవాటే,” అని అతడు నవ్వుకుంటూ చేయి కడుక్కోవడానికి వెళ్ళాడు.

అతని నవ్వు పోయింది గాని, మాట పోలేదు. చీకటిపడ్డాక ఆమె పటాన్ని తెరచి, మేఘం లోపలి చుక్కలను, బయటి చుక్కలను మార్చి మార్చి చూసింది. పలచనిదే అని తనకు తాను చెప్పుకొన్నది. చుక్కలు మళ్ళీ లెక్కపెట్టింది.

నిజం తేల్చుకొనడం కష్టమైన పని కాదు. వేకువన కెమెరాను బిగించిన మరను వదులుచేసి, దానిని ఒక పక్కకు తిప్పి పటం తీస్తే చాలు. మేఘం ఆకాశానిదైతే జ్యేష్ఠ పక్కనే ఉండిపోతుంది. కాకపోతే కెమెరాతోపాటు తానూ తిరుగుతుంది. వేకువన కెమెరా నిలిపిన బండమీదికి వెళ్ళినప్పుడు ఆమె చేయి ఆ మర దాకా వెళ్ళింది. వేళ్ళు దానిని తాకాయి కూడా. అంతలోనే వెనుకకు తీసుకొన్నది. ఎప్పటివలెనే, వెంట్రుకవాసి తేడా లేకుండా, ఐదవ పటం తీసింది. ఐదవ పటంలోనూ శంఖం అక్కడే ఉంది. అయినా ఈసారి ఆమెకు సంతోషం కలగలేదు.

తూరుపు ఇంకా తెల్లబారక ముందే అయ్యవారు మెట్లెక్కి వచ్చారు. ఓబులేసు ఎదురువెళ్ళి సంచి అందుకొన్నాడు.

“తగవు తీరిందా అయ్యవారూ?”

“తీరింది నాయనా. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒక్కటై నన్ను తిడుతున్నారు.”

ఆయన కాళ్ళు కడుక్కొని అరుగుమీద కూర్చున్నారు. హేమావతి నమస్కరించి పక్కకు తప్పుకోబోయింది.

“కళ్ళు లోపలికి పోయినాయే తల్లీ. ఏమిటి సంగతి?”

ఆమె లాప్‌టాప్ తెచ్చి ఆయన ముందు తెరచింది. వేలితో మేఘాన్ని చూపించింది. పరిషత్తు మాట చెప్పింది, నేడు ప్రకటిస్తారని చెప్పింది. పేరు మాట మాత్రం నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

అయ్యవారు చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో మెప్పుగాని, అనుమానంగాని కనబడలేదు.

“పొందికగా తీశావు,” అన్నారు ఆయన.

ఆమెకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

“కెమెరా దించావా?”

“లేదండి. బండమీదనే ఉంది.”

“లెన్సు కదిపావా?”

“లేదు, అయ్యవారూ.”

“పద.”

వారు బండ చేరేసరికి నక్షత్రాలన్నీ వెలిసిపోయాయి. అయ్యవారు భుజం మీది ఉత్తరీయం తీసి, రెండు మడతలు వేసి, లెన్సు ముఖానికి అడ్డంగా పరచారు.

“ఈ కొస పట్టుకో. ముడత పడనీయకు.”

ఆమె పట్టుకొన్నది. రెండవ కొస ఆయన పట్టుకొని, కెమెరాను సమంగా తెల్లబారిన పడమటి ఆకాశం వైపు తిప్పి, మీట నొక్కారు. మళ్ళీ నొక్కారు.

ఆ ఆచారం ఆమెకు తెలియనిది కాదు. ఆశ్రమానికి వచ్చిన తొలి దినాలలోనే నేర్పారు. పని ముగిసిన వేకువన, లెన్సు కదపకుండా, తెల్లని గుడ్డను ఒకసారి పటం తీయాలి. ఆకాశంలో లేని ఏయే నీడలను కెమెరా తనవైపు నుండి చేరుస్తున్నదో ఆ గుడ్డ చెబుతుంది. మొదట్లో ఆమె తప్పక చేసేది. తరువాత పటం అంచులలోని మసకను కంప్యూటరులోనే సరిదిద్దడం వచ్చాక, గుడ్డ పట్టడం కొత్తగా చేరినవారి పని అనిపించి మానివేసింది.

“నక్షత్రాలకు ఏమేమి చేశావో, దీనికీ అవన్నీ చెయ్యి,” అన్నారు అయ్యవారు.

ఆమె బండమీదనే కూర్చున్నది. తెరమీద బూడిదరంగు పలక తప్ప ఏమీ లేదు. వెలుగుకూ నీడకూ నడుమ తేడాను కొద్దిగా పెంచింది. ఏమీ లేదు. ఇక్కడితో ఆపివేయవచ్చునా అన్నట్లు ఆయన వైపు చూసింది.

“ఇంకా,” అన్నారు ఆయన.

పెంచింది.

“ఇంకా.”

బూడిదరంగు నడుమ ఒక మసక మొదట మచ్చగా, తరువాత ఆకారంగా తేలివచ్చింది. జ్యేష్ఠ లేదు. పాలపుంత లేదు. ఒక్క నక్షత్రమైనా లేదు. శంఖం మాత్రం ఉంది. అదే చోట ఉంది.

జావ గ్లాసులతో అప్పుడే వచ్చిన ఓబులేసు తెరను చూసి ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి, నోరు మూసుకొన్నాడు.

ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. తాను అంత ఖచ్చితంగా ప్రతివేకువా ఒకేచోట నిలిపినందువల్లనే ఆ మచ్చ కూడా ఒకేచోట నిలిచింది. ఒక్కనాడు చేయి తప్పి ఉంటే, ఆ నాడే దొరికిపోయేది.

అంతలో ఫోను మోగింది. పరిషత్తు కార్యదర్శి భుజంగరావు. ఆయన ఫోనులో మాట్లాడితే బండమీద ఉన్నవారందరికీ వినబడుతుంది.

“శుభోదయం అమ్మాయ్! పత్రికలవాళ్ళకు ఇప్పుడే పంపిస్తున్నాను. నీ నోట ఒక్కసారి సరేననిపించుకుందామని చేశాను.”

ఓబులేసు దగ్గరకు వంగి గుసగుసలాడాడు. “వినపడలేదని పెట్టెయ్ చెల్లీ. రేపు నిదానంగా చెప్పుకుందాం.”

హేమావతి అయ్యవారి వైపు చూసింది. ఆయన ఆమెను చూడడం లేదు. ఉత్తరీయం దులిపి, మడతలు సరిచేసుకొంటున్నారు.

“అయ్యా, అది ప్రకటించకండి,” అన్నది ఆమె.

“అదేమిటి?”

“అది ఆకాశంలో లేదండి.”

“మరెక్కడుంది?”

“నా కెమెరాలో ఉంది.”

“నాలుగు పటాల్లోనూ ఉందన్నావు కదమ్మా!”

“నాలుగింటికీ అదే కెమెరా అండి.”

“భలేదానివే! ఆహ్వానాలు అచ్చయినాయి, తెరమీద బొమ్మ కూడా ఎక్కించాం. ఇప్పుడు సభలో నిలబడి ఏం చెప్పమంటావు? మా చిదంబర మేఘం కాస్తా దుమ్మయిందని చెప్పమంటావా?”

ఆ పేరు బండ అంతటా వినబడింది. ఉత్తరీయం మడతపెడుతున్న చేతులు ఒక్కక్షణం ఆగాయి.

“అవునండి, అలాగే చెప్పండి,” అన్నది హేమావతి. “పొరపాటు హేమావతిదని చెప్పండి. గుడ్డ పట్టకుండా పటాలు పంపిందని చెప్పండి. మా అయ్యవారికి ఈ పేరు సంగతి తెలియదని కూడా తప్పకుండా చెప్పండి.”

ఫోను కట్టేసిన తరువాత ఆమె తల ఎత్తలేకపోయింది.

“చిదంబర మేఘమా?” అన్నారు అయ్యవారు.

“మీకు ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదనుకొన్నాను, అయ్యవారూ.” అప్పుడు తల ఎత్తింది. “అది సగం నిజం. మీ పేరు పక్కన కనిపెట్టినవారి పేరు కూడా వేస్తారు. అదీ అనుకొన్నాను. చివరికి నలుగురిలో మిమ్మల్ని నవ్వులపాలు చేశాను.”

అయ్యవారు బండమీద చతికిలబడి, కెమెరాను ఒడిలో పెట్టుకొని, లెన్సు మెల్లగా విప్పారు. లోపల వెలుతురును పట్టే చిన్న పలక అద్దంలా మెరిసింది. కొండల వెనుక నుండి అప్పుడే పైకి వచ్చిన ఎండ దానిమీద ఏటవాలుగా పడేటట్లు వంచారు. పలక మీద ఒక మూల, కంటికి ఆనీ ఆననంత చిన్న నలుసు నిలిచి ఉంది.

హేమావతి సిగ్గుతో చచ్చిపోతూ సంచిలోని రబ్బరు గాలితిత్తి తీసుకొని పరుగున వచ్చింది. ఆ నలుసు ఇంకొక్క క్షణం అక్కడ ఉంటే తాను బతకలేననిపించింది. తిత్తి కొన పలక దగ్గర పెట్టి నొక్కబోయింది.

ఆయన అరచేయి అడ్డుపెట్టారు.

“ఉండమ్మా. ఏదీ, చిదంబరయ్యను ఒకసారి చూడనీ.”

భూతద్దం తీసి, ఒక కన్ను మూసి, తల అటు వంచి ఇటు వంచి, నింపాదిగా చూశారు. ఓబులేసు చేతిలో జావ చల్లారిపోతున్నది. హేమావతి తిత్తిని పట్టుకొని అలాగే నిలిచి ఉన్నది.

ఆయన భూతద్దం దించి, అరచేయి తొలగించారు.

“చూశాను,” అన్నారు. “ఇక ఊదెయ్యి తల్లీ.”