కొంగ తాత మోకాలు

రెండు కొండల నడుమ ఓ కట్ట ఉంది. ఎప్పుడో అడవిపందులన్నీ కలిసి మూతులతో మట్టి తవ్వి పోసిన కట్ట. దానికి ఒక పక్క చెరువు, రెండో పక్క పల్లంలో పచ్చిక. మేసే జాతంతా ఆ పల్లంలోనే కాపురం. కట్ట చివర రాళ్ల మధ్య కాస్త ఖాళీ వదిలాయి. అదే అలుగు. చెరువు నిండాక మిగిలిన నీళ్లు అక్కణ్ణుంచి వాగులోకి దిగిపోతాయి. అలుగు పారిన రోజు అడవిలో పండగే. ఎంత పెద్ద జంతువైనా, ఎంత చిన్నదైనా, వచ్చి ఆ పారే నీళ్లలో కాళ్లు కడుక్కుని పోవాల్సిందే.

ఆ ఏడు కూడా అలుగు సన్నగా మొదలైంది. గేదె కాటమ్మ వచ్చి ముందుకాళ్లు పెట్టింది గానీ మనసు మనసులో లేదు. దాని పెయ్య రాళ్ల సందులో గిట్ట ఇరికించుకుని కాలు వాచి, కట్ట కింద పడుకున్నది పడుకున్నట్టే ఉంది. లేపితే అరుస్తోంది.

"ఏంటొదినా, నీళ్లు పారబోసుకుని పండగ చేసుకుంటున్నారా?" అన్నాడు వెనకనుంచి నక్క పాపయ్య.

"పారబోయడమేంటి మరిదీ? అలుగు పారింది."

"పారిందంటే పోయిందనేగా! ఇంట్లో కుండకి చిల్లు పడి నీళ్లు కారిపోతుంటే, చిల్లుకి బొట్టుపెట్టి దండం పెడతావా?"

కాటమ్మ తల వంచి పారే నీళ్లకేసి చూసింది. నిజమే, పోతున్నాయి. ఇన్నేళ్లూ వచ్చి కాళ్లు కడుక్కుంది గానీ, ఈ నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఎప్పుడూ అనుకోలేదు.

"పోయిన వేసవిలో ఎక్కడ దొర్లావు?" అన్నాడు పాపయ్య.

"బురదలో."

"ఆ బురదా ఎండిపోయాక?"

కాటమ్మ తోకతో వీపు తడుముకుంది. అప్పుడు పగిలిన వీపు ఇంకా గరుగ్గానే ఉంది.

"అందుకే అలుగు మూసెయ్. నీ కొమ్ములకి ఈ రాళ్లొక లెక్కా? ఈ నీళ్లు నిలబెడితే వేసవంతా మెడలోతు నీళ్లలో పడుకోవచ్చు. నీ పెయ్య కూడా."

"మరీ ఎక్కువైపోతే?"

"కొంగ తాత ఉన్నాడుగా!"

నీళ్ల లెక్క చూసేది కొంగ తాతే. ఆయన కాలే కొలత. మోకాలి దాకా ఉంటే భయం లేదు, తొడ తడిస్తే అడవంతా వినపడేలా కేకేస్తాడు. "నేనున్నా, మీరు కానివ్వండి" అన్నాడాయన చెరువులోంచి మెడ సాచి. కాటమ్మ కొమ్ములతో రాళ్లు నెట్టింది. సందుల్లో మట్టి ఎక్కడ కూరాలో పాపయ్య తోకతో చూపించాడు. మట్టి మాత్రం ముట్టుకోలేదు. అలుగు ఆగిపోయింది.

తర్వాత వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. కొండ మీంచి ఎర్రనీళ్లు చెట్లకొమ్మల్ని ఈడ్చుకుంటూ దిగుతున్నాయి. కాటమ్మ గబగబా చెరువు దగ్గరికెళ్లింది.

"తాతా, నీళ్లెంతదాకా ఉన్నాయి?"

"మోకాలి దాకా."

"పొద్దున్న?"

"మోకాలి దాకానే."

"ఇంత వాన కొడుతుంటేనా?"

"వాన వానే, మోకాలు మోకాలే. నాకు లెక్క నేర్పుతావా?"

"అది కాదు తాతా. ఆ తుమ్మచెట్టు నిన్న మానుతో సహా కనపడింది. ఇవాళ తలకాయే కనపడుతోంది."

"చెట్టు కుంగిందేమో."

చెట్లు కుంగుతాయా? కాటమ్మ ఎప్పుడూ వినలేదు. కానీ కొలిచేది తాత, తను కాదు. వెనక్కి తిరిగింది. కట్ట దిగుతుంటే మధ్యలో ఓ కన్నంలోంచి పందికొక్కు గున్నయ్య దగ్గుతూ బయటపడ్డాడు. ఒళ్లంతా బురద.

"ఎవరే నా కొంపలోకి నీళ్లు వదిలింది?"

"నేను నీళ్లు ఆపాను గానీ వదల్లేదయ్యా!"

"ఆపితే ఇవెక్కడివి? చెరువు పక్క గదిలోంచి వచ్చి, వంటింట్లోంచి ఇటు పోతున్నాయి. పిల్లల దాణా గింజలన్నీ కొట్టుకుపోయాయి."

"అంటే కట్టలోంచే పోతున్నాయా?"

"నా ఇంట్లోంచి పోతున్నాయంటున్నా. కట్ట సంగతి నాకేం తెలుసు?"

కాటమ్మ పెయ్య దగ్గరికొచ్చేసరికి అది తల ఎత్తి చూసింది.

"అమ్మా, కింద తడిగా ఉందే."

"వాన పడటం లా?"

"వాన పైనుంచి కదా పడేది? ఇది కిందనుంచి వస్తోంది."

మూతి పెట్టి చూసింది. నిజమే. నేలలోంచి బుడబుడమని వస్తున్నాయి, చెరువులో ఉన్నట్టే ఎర్రగా. పెయ్యని మూతితో నెట్టింది, నెత్తితో లేపింది. అది రెండు కాళ్ల మీద లేచి మళ్లీ కూలబడింది. కాటమ్మకి బుర్ర తిరిగిపోయింది. నీళ్లు ఆపితే ఉంటాయన్నాడు పాపయ్య. ఆపింది. ఉన్నాయి. మోకాలి దాకానే ఉన్నాయట. ఉంటే మంచిదేగా? మరి ఆపిన నీళ్లు ఎవరూ చూపించని దారిన ఎందుకు పోతున్నాయి?

మళ్లీ కట్టెక్కింది. ఈసారి తాతని పిలవాల్సిన పనే లేకపోయింది. ఎక్కీ ఎక్కగానే ఎదురుగా ఆయన రెక్కలు కనపడ్డాయి.

"తాతా, పొద్దున్న నువ్వెక్కడ నిలబడ్డావు?"

"తామరాకుల దగ్గర."

"తర్వాత?"

"తుంగ దగ్గరికి జరిగా."

"ఎందుకు జరిగావు?"

"అదేం ప్రశ్నే! నీళ్లు పెరిగితే జరగొద్దూ? తొడ తడిస్తే నాకు జలుబు చేస్తుంది."

"ఇప్పుడు నువ్వు నిలబడింది కట్ట అంచున తాతా. ఇంకో అడుగు వెనక్కి జరిగావంటే అవతల నా పెయ్య మీద పడతావు."

కొంగ తాత కిందికి చూసుకున్నాడు.  "అయినా మోకాలి దాకానే కదా" అన్నాడు, కానీ గొంతులో మునుపటి గట్టిదనం లేదు.

అంతలో పాపయ్య గొడుగులా ఓ టేకాకు నెత్తిన వేసుకుని వచ్చాడు. "కంగారెందుకొదినా? కట్టని ఇంకాస్త ఎత్తు పోద్దాం."

"ఈ వానలో మట్టి నిలుస్తుందా?"

"ఎందుకు నిలవదు! ఈ కట్ట కింద ఉన్నంత భద్రం అడవిలో ఇంకెక్కడా లేదు."

కాటమ్మకి ప్రాణం కుదుటపడింది. నిజంగానే కుదుటపడింది. "అయితే మరిదీ, నీ పిల్లల్ని కూడా తెచ్చి నా పెయ్య పక్కన పడుకోబెట్టు. ఆ వాగు గట్టున బొరియలో ఈ వానకి చలి పుట్టి చస్తారు, పాపం."

"వద్దులే ఒదినా. వాళ్లకి పేడ వాసన పడదు."

"పేడంతా వానకి కొట్టుకుపోయింది."

"మా ఆడది ఒప్పుకోదు."

"ఆవిణ్ణీ తీసుకురా. చోటుకేం తక్కువ?"

"అది కాదే, అక్కడ పల్లం..."

"పల్లమైతే?"

"పల్లమైతే నీళ్లు..." అని నోరు మూసుకున్నాడు.

"నీళ్లు ఏంటి?"

పాపయ్య ఆకు సర్దుకున్నాడు. కాటమ్మ అతని మొహంలోకి చూస్తూనే ఉంది. భద్రమైన చోటుకి పిల్లల్ని రానివ్వడేం? అప్పుడు గున్నయ్య కట్ట మీదికెక్కి తల విదిలించుకుంటూ అన్నాడు, "నీకు తెలీదా? ఏటా అలుగు పారితే నక్క కొంప మునుగుతుంది. పిల్లల్ని నోట కరుచుకుని గుట్టెక్కుతాడు. ఈ ఏడు అలుగు మూతపడిందిగా, కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు."

కట్టలో ఏం జరుగుతోందో, నీళ్లు కిందనుంచి ఎలా వస్తున్నాయో కాటమ్మకి ఇప్పటికీ అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. వాడు తన పిల్లల్ని పెట్టని చోట నా బిడ్డ పడుకుని ఉంది. అంతే, అలుగు వైపు పరుగు తీసింది.

"ఒదినా ఆగు! ఒక్కసారిగా వదిలితే నా పిల్లలు కొట్టుకుపోతారు!"

"మరి ఇక్కడ నిలబడి నాతో మాట్లాడతావేంరా? పో! చిన్నరాళ్లతో మొదలుపెడుతున్నా. పెద్దరాయి దగ్గరికొచ్చేలోపు అందర్నీ గుట్టెక్కించుకో. నీ కోసం కాదు, పిల్లలేం పాపం చేశారు?"

పాపయ్య టేకాకు పారేసి పరిగెత్తాడు. కాటమ్మ ఒక రాయి లాగింది, ఇంకో రాయి లాగింది. నీళ్లు సందులోంచి బుసకొట్టాయి. ఒక కన్ను పల్లంలో పెయ్య మీద, ఒక కన్ను వాగు గట్టు మీద. పాపయ్య ఓ పిల్లని నోట కరుచుకుని గుట్టెక్కుతున్నాడు, ఆ వెనకే అతని పెళ్లాం ఇంకోదాన్ని ఈడ్చుకెళ్తోంది. ఆఖరి పిల్ల గుట్ట మీదికి చేరడం చూసి, కాటమ్మ పెద్దరాయి కింద కొమ్ము పెట్టి ఒక్క ఊపు ఊపింది.

నీళ్లు ఒక్కసారిగా వాగులోకి విరుచుకుపడ్డాయి. కళ్ల ముందే నక్క బొరియ, దాని ముందు ఆరబెట్టుకున్న పీతడిప్పలు, గట్టు ముక్కతో సహా పోయాయి. కొంగ తాత కట్ట దిగి, నీళ్లు వెనక్కి తగ్గినకొద్దీ ముందుకు జరుగుతూ, "మోకాలి దాకా... మోకాలి దాకా..." అని గొణుక్కుంటున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. పెయ్య కింద బుడబుడలు ఆగిపోయాయి. కాటమ్మ దాని వీపు నాకుతూ చెరువుకేసి చూసింది. ఇంత నీరు పోయినా చెరువు ఇంకా నిండుగానే ఉంది. ఎలా ఉందో ఎవర్నైనా అడుగుదామనుకుని, ఎవర్నడగాలో తోచక ఊరుకుంది.

గుట్ట మీద పాపయ్య తడిసి ముద్దై కూర్చున్నాడు. పక్కనే పెళ్లాం, "వాగు దారిలో కొంప వద్దురా అంటే విన్నావా? మన కొంప కోసం అలుగు మూయించి పక్కవాళ్ల బిడ్డని ముంచుతావా?" అని పిల్లల్ని తుడుస్తూ తిడుతోంది.

నీళ్లకి అడ్డం కట్టమని ఎవడైనా సలహా చెబితే, వాడి కాపురం ఎటు పక్కనుందో ముందు చూసుకోండి.