బూరుగు పుంజా, పెట్టా?

అనగా అనగా, అడవికీ పొలానికీ మధ్య గట్టు కూడా లేని కాలంలో, కొండ దిగువన ఒక పల్లె. ఆ పల్లెకు సముద్రపు ఒడ్డు నుంచి నూకరత్నం అనే ఆవిడ బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చింది. వెంట ఏడేళ్ల కూతురు వరాలు, తవుడు నింపిన కుండలో నాలుగు కోడిగుడ్లు. అంతే ఆవిడ సంసారం.

ఆ గుడ్లను పొరుగింటి బంగారమ్మ కోడి కింద పొదగేశారు. మూడు మురిగిపోయాయి. ఒక్కటే పిల్ల అయింది.

పెరిగేకొద్దీ ఆ పిల్ల పల్లెకంతా వింతయింది. ఒంటినిండా ఈకలకు బదులు దూదిలాంటి బూరు. కాళ్లకు కుచ్చులు. నెత్తిన తలపాగా లాంటి సిగ. వరాలు దానికి బూరుగు అని పేరు పెట్టి, తన ముద్దలో సగం దానికే పెట్టేది.

ఆ పల్లెలో ఒక ఆచారం ఉంది. తొలకరికి విత్తనం చల్లే ముందు, పుంజున్న ప్రతి ఇల్లూ ఒక పుంజును అమ్మవారి జాతరలో బలి ఇవ్వాలి. పెట్టను మాత్రం ముట్టకూడదు. పుంజు లేని ఇల్లు దీపం పెడితే చాలు.

జాతర ఎనిమిది రోజులుందనగా పల్లె పెద్ద సింహాద్రినాయుడు గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మాయ్, మీ ఇంట్లో తిరిగేది పుంజా, పెట్టా?"

వరాలు తల్లి చీరచెంగు పట్టుకుంది. నూకరత్నం కూతురి వైపు చూసింది. పెట్ట అంటే చాలు, పిల్ల ప్రాణంలా చూసుకునే కోడి బతుకుతుంది. కానీ పుంజే అయితే? కొత్త ఊళ్లో తన మొదటి మాటే అబద్ధమవుతుంది. ఆ అబద్ధాన్ని పక్కనే నిలబడి కూతురు వింటుంది.

"నాకు తెలియదండీ. తెలుసుకుని చెబుతాను," అంది.

నాయుడు వెళ్లగానే బంగారమ్మ దడి మీదుగా తల పెట్టింది. "ఏం మనిషివి వదినా. పెట్ట అనేస్తే పోయేదిగా. ఆ బూరులో ఎవరు వెతకొచ్చారు?"

"నాకే తెలియనిది ఆయనకెలా చెప్పను వదినా?"

తేల్చి చెప్పడానికి మొదట కోడిపందేల గవరయ్య వచ్చాడు. దూరం నుంచే చూసి, "ఆ నడకలో ఠీవి చూడండి. పుంజే," అన్నాడు.

తరవాత సంతలో కోళ్లమ్మే అప్పలకొండ వచ్చాడు. కాళ్లు పట్టుకుని తలకిందులుగా ఎత్తాడు. "పుంజయితే మెడ పైకెత్తుతుంది. ఇది వేలాడేసింది. పెట్టే."

"నిన్నూ అలా పట్టుకుంటే నీ మెడా వేలాడుతుంది మామా," అంది వరాలు, కోడిని లాక్కుంటూ.

చివరికి పూజారి వచ్చి దారానికి నిమ్మకాయ కట్టి దాని మీద ఊపాడు. నిమ్మకాయ కాసేపు నిలువుగా ఊగింది, కాసేపు గుండ్రంగా తిరిగింది. "ఒక పూట పుంజు, ఒక పూట పెట్ట," అని తేల్చేసి, నిమ్మకాయ రొంటిన దోపుకుని వెళ్లిపోయాడు.

ఇక నూకరత్నం తనే కనిపెట్టి కూర్చుంది. గింజ ఎలా ఏరుతుంది, ఎక్కడ పడుకుంటుంది, దేనికి బెదురుతుంది, అన్నీ చూసింది. ఆరో రోజు పొద్దున, ఊరంతా పొలాలకు పోయాక, బూరుగు దడి ఎక్కి మెడ సాచి బొంగురుగా కూసింది.

వరాలు పరుగున వెళ్లి దాని ముక్కు మూసింది. "నువ్వు వినలేదు కదమ్మా?"

"విన్నాను తల్లీ."

విన్నది వాళ్లిద్దరే. అయినా నూకరత్నం నాయుడి ఇంటికి నడిచింది. "మా కోడి కూసిందండీ. పుంజు లేని ఇంట పెట్ట కూయడం మా ఊళ్లో ఒకసారి చూశాను. అందుకని పుంజేనని ఒట్టు పెట్టలేను. కూసిన మాట మాత్రం నిజం."

నాయుడు వచ్చి బూరుగు కాలికి ఎర్రదారం కట్టాడు. "జాతరలోపు పెట్ట అని తేలితే సరే. లేకపోతే అమ్మవారిదే."

ఆ పూట వరాలు అన్నం ముట్టలేదు. "నువ్వు చెప్పకపోతే ఎవరికి తెలిసేది?" అంది గోడకు తిరిగి. తను చేసింది తప్పేమోనని నూకరత్నం వంద సార్లు అనుకుంది. అంతలో బంగారమ్మ కొంగులో గుడ్డు దాచి తెచ్చింది. "ఇది దాని కింద పెట్టెయ్ వదినా." నూకరత్నం చెయ్యి సాగింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

మర్నాడు బూరుగు ఒక మూల చేరి, గడ్డిపరకలు ఒక్కొక్కటే ముక్కుతో తీసి వీపు మీద వేసుకుంటూ కూర్చుంది. గుడ్డు పెట్టబోయే పెట్టలు అలా చేస్తాయని గుర్తొచ్చి నూకరత్నానికి చిన్న ఆశ పుట్టింది. కానీ పిల్లకు చెప్పలేదు. అది నిజం కాకపోతే ఆ చిన్న గుండె రెండోసారి పగులుతుంది.

జాతర పొద్దున నాయుడు పదిమందితో వచ్చాడు. వరాలు మూలకు అడ్డంగా కూర్చుంది. వెనక నుంచి బూరుగు కొక్ కొక్ అంటూ లేచింది. గడ్డిలో ఒక బుల్లి గుడ్డు, ఇంకా వెచ్చగా ఉంది.

"పొరుగింటి గుడ్డు తెచ్చి పెట్టి ఉంటుంది," అన్నాడు గవరయ్య.

నాయుడు వంగి గుడ్డు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరూ వినని కూతను నా ఇంటికొచ్చి చెప్పిన మనిషి, గుడ్డు దొంగచాటుగా పెడుతుందా గవరయ్యా?" అని తన చేత్తోనే ఎర్రదారం విప్పాడు.

వరాలు తల్లి ఒళ్లోకి వచ్చింది. "నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలియదే తల్లీ. నీకు తెలిసినప్పుడే నాకూ తెలిసింది."

పిల్లలూ, తెలియనప్పుడు తెలియదని చెప్పిన వాళ్ల మాటనే, తెలిసిందని చెప్పిన రోజున లోకం నమ్ముతుంది.