పదకొండు బొట్లు

2006 నవంబరు 14, మంగళవారం. తెల్లవారినప్పటి నుంచి ముసురు. ఎనిమిది గంటలకు ఉష్ణోగ్రత ఇరవై నాలుగు, గాలిలో తేమ తొంభై ఒకటి. పదకొండున్నరకి వాన తెరిపి ఇచ్చింది గాని సూర్యుడు మాత్రం కనిపించలేదు.

ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, అవి రోజూ రాయడం నా పని. చక్కెర ఫ్యాక్టరీ లాబ్‌లో కెమిస్టుని. బీఎస్సీలో మా లెక్చరర్ ఒకాయన, చూసింది అప్పటికప్పుడే రాయాలి, ఆలస్యమైతే అందులో మన అభిప్రాయం కలుస్తుంది అనేవారు. ఆయన చెప్పిన కెమిస్ట్రీ చాలామటుకు పోయింది, ఈ మాట మిగిలింది. ఫ్యాక్టరీ పేరు అనవసరం. ఉత్తరాంధ్రలో ఉండేది, ఇప్పుడు లేదు.

ఆ రోజుల్లో దేముడికి ఒక చిక్కు వచ్చిపడింది. దేముడంటే మా ఎలక్ట్రీషియన్. మా వైపు అది మనుషులకి పెట్టుకునే పేరే. దానితో రోజూ వేళాకోళాలు. మిల్లు ఆగితే షిఫ్ట్ ఇంజనీరు ఫోనులో "దేముణ్ణి పిలవండయ్యా!" అని అరిచేవాడు. పక్కనుంచి ఎవడో ఒకడు, "కొబ్బరికాయ తెమ్మంటారా సార్?" అనేవాడు.

దేముడు వచ్చేవాడు. మిల్లు తిరిగేది.

అతని గురువు ఫోర్‌మన్ నూకరాజు. ముప్పై ఆరేళ్ల సర్వీసు, ఇంకో నెలన్నరలో రిటైరవుతాడు. మాట తక్కువ, దగ్గు ఎక్కువ. ఐటీఐ కాగితం పట్టుకుని వచ్చిన దేముడికి టెస్టర్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి నేర్పింది ఆయనే. ఫ్యాక్టరీలో ఎవరు "గురూగారూ" అని పిలిచినా అది నూకరాజునే.

ఇద్దరికీ కలిపి ఒకటే లోకం, పాత కంట్రోల్ ప్యానెల్. ఫ్యాక్టరీతో పాటే పుట్టింది. ఇరవై అడుగుల ఇనప బీరువా అనుకోండి. లోపల నాలుగు వందల రిలేలు, అంటే కరెంటు తగిలితే కలిసి విడిపోయే చిన్న స్విచ్చిలు, టకటకా కొట్టుకుంటూ ఉంటే, పక్కన నిలబడినవాడికి రేకుల కప్పు మీద వాన పడుతున్నట్టు ఉండేది. దాన్ని తయారుచేసిన కంపెనీ మూతపడి పాతికేళ్లయింది. విడిభాగాలు దొరకవు. డ్రాయింగులు చెదలు తినేశాయి. ఏ తీగ ఎటుపోతుందో చెప్పగలిగేది ఆ ఇద్దరే.

దాన్ని తీసేసి, కంప్యూటరుతో నడిచే ప్యానెల్ పెడదామని యాజమాన్యం నిర్ణయించింది. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ వాళ్ళు దిగారు. వాళ్ళ ఇంజనీరు రెహానా అనే అమ్మాయి. ఇరవయ్యేడేళ్లుంటాయేమో. మా జనరల్ మేనేజరు ఆమెకి చెప్పింది ఒక్కటే.

"ఉన్నది ఉన్నట్టు దించండి. కొత్త తెలివితేటలు వద్దు. డిసెంబరు ఒకటిన సీజను మొదలవ్వాలి."

దించడమంటే పాత ప్యానెల్‌లో ప్రతి తీగనీ చూసి, కొత్తదానిలో అలాగే పెట్టడం. బడిలో పక్కవాడి పలక చూసి మనం దించినట్టే. పక్కవాడు తప్పు రాస్తే మనదీ తప్పే. ఒకసారి మా క్లాసులో నలభైమందికీ ఒకటే తప్పు వచ్చింది. దాని సంగతి ఇంకెప్పుడైనా.

ఆ ప్యానెల్‌లో కొన్ని దొంగతీగలున్నాయి. మిషన్ల మీద కాపలా స్విచ్చిలుంటాయి కదా. మూత తెరిచి ఉంటే మిషన్ని కదలనివ్వవు, వేడెక్కితే ఆపేస్తాయి. అవి పాతబడిపోయి, కాస్త తడి తగిలితే చాలు, ఏ ప్రమాదం లేకపోయినా మిల్లుని ఆపేసేవి. ఆగితే పైనుంచి కేకలు. కొత్త స్విచ్చిలు కావాలంటే "వచ్చే ఏడు చూద్దాం". చివరికి నూకరాజు ప్యానెల్‌లో జానెడు తీగముక్క అడ్డంగా వేసేవాడు. ఇక ఆ స్విచ్చి ఎంత మొత్తుకున్నా ప్యానెల్‌కి వినపడదు. అంతా బాగానే ఉందనుకుని మిల్లుని నడుపుతూనే ఉంటుంది.

అలాంటివి పదకొండు. ఎక్కడున్నాయో మరిచిపోకుండా ఆయన ఒక గుర్తు పెట్టుకున్నాడు. దసరాకి ఆయుధపూజ చేసి అందరూ ప్యానెల్ తలుపులకి బొట్లు పెడతారు. నూకరాజు తలుపు తీసి, దొంగతీగ ఉన్న ప్రతిచోటా లోపల ఒక కుంకుమ బొట్టు పెట్టేవాడు. చూసేవాళ్లకి అది భక్తి. అసలు సంగతి ఆయనకీ దేముడికీ తెలుసు.

రెహానా తలుపు తీసి చూసింది.

"ఈ బొట్లేమిటండీ, దేముడు గారూ?"

"దసరా పూజ మేడం. మా గురువుగారు సొంత చేత్తో పెట్టినవి. చెరపకండి."

"అయ్యో, లేదండీ," అని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కడ దుమ్ము కూడా దులపొద్దని తన మనుషులకి చెప్పింది. ఇంకొకరి పూజ గురించి తను గుచ్చి గుచ్చి అడగడం మర్యాద కాదనుకుంది పాపం. బొట్టు కింద తీగని మాత్రం, ఉన్నది ఉన్నట్టు, కాగితం మీద రాసుకుంది.

ఆ మంగళవారం తెరిపి ఇచ్చాక లాబ్ వెనక బల్ల మీద నూకరాజు, దేముడు, నేను టీ తాగుతున్నాం. దేముడి చంకలో ఒక నోటుబుక్కు. కేలండరు కాగితంతో అట్ట వేసుకున్నాడు. ఏ రిలే ఎప్పుడు మొండికేస్తుంది, దాన్ని ఎలా దారికి తేవాలి, ఏ దొంగతీగ దేనిది, పదిహేనేళ్లుగా రాసుకున్నదంతా అందులో ఉంది.

"పదకొండూ దించేసుకుంటన్నారు గురూగారూ. ఒక్కటీ పట్టుకోనేదు. పెద్ద ఇంజినీర్లంట!" అని నవ్వాడు. "ఆళ్ళు ఎల్లిపోయినాక అది మొరాయిస్తాది. అప్పుడెవుల్ని పిలుస్తారు?"

నూకరాజు టీ ఊదుకుంటున్నాడు.

"కొత్తది వచ్చాక మనుషుల్ని తగ్గిస్తారంట. ఈ పుస్తకం నా కాడ ఉన్నన్నాళ్ళు నన్నెవుడు తీస్తాడు? మీరు నేర్పిన విద్య ఇది. దీన్ని ఆ పిల్లకి ఊరికే అప్పజెప్పీమంటారా? సెప్పండి."

"పుస్తకం ఇలా తే," అన్నాడు నూకరాజు.

దాన్ని తెరవనైనా తెరవలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, దగ్గుకుంటూ చెరుకు కేరియర్ వైపు నడిచాడు. దేముడు వెనకాలే వెళ్లాడు. నేనూ వెళ్లాను.

ఆ రోజు పాత ప్యానెల్ మీదే ఆఖరి ట్రయల్. కేరియర్ తిరుగుతోంది. అది చెరుకుని మోసుకుంటూ ముందుకు కదిలే ఇనప నేల. చివర కత్తులుంటాయి. వాటి కింద పడ్డ చెరుకు పీలికలై మిల్లులోకి పోతుంది. చెరుకు అడ్డం తిరిగితే కొక్కెంతో సర్దడానికి అప్పన్న అనే మనిషి కేరియర్ పక్కనే నిలబడేవాడు. అతని భుజమెత్తున, కేరియర్ పొడవునా ఒక ఎర్ర తాడు. కాలు జారినా, బట్ట చిక్కుకున్నా ఆ తాడు లాగాలి. కేరియర్ ఆగాలి. డ్యూటీ ఎక్కగానే అప్పన్న ఆ తాడుని తాకి కళ్లకద్దుకునేవాడు. తొమ్మిదేళ్లుగా అంతే.

నూకరాజు నోటుబుక్కుని కదులుతున్న చెరుకు మీద పెట్టాడు.

"తాడు లాగు దేముడూ. నీ పుస్తకం ఆపుకో."

దేముడు కదల్లేదు. వాడికి తెలుసు. పుస్తకం, మనిషి తీరిగ్గా నడిచే వేగంతో, కత్తుల వైపు వెళ్తోంది.

"లాగరా."

లాగాడు. మళ్లీ లాగాడు. రెండు చేతులా, నూతిలోంచి నీళ్లు తోడుతున్నట్టు లాగాడు. పుస్తకం చెరుకుతో పాటు కత్తుల కిందికి పోయింది. దాని చప్పుడు వేరుగా వినపడను కూడా లేదు.

అప్పన్న కొక్కెం దించి చూస్తున్నాడు.

"అదేటి బాబూ, ఆగనేదేటి?"

దేముడు తాడు వదిలేసి పక్కకి జరిగాడు.

"మీరు సరీగా లాగనేదేమో," అని తనే వచ్చి లాగాడు. కేరియర్ పోతూనే ఉంది. తాడు వదిలేసి, తన అరచెయ్యి చూసుకున్నాడు.

"ఆ తీగ నానే ఏసినాను అప్పన్నా," అన్నాడు నూకరాజు. "ఎనబై ఏడులో. వానకి ఊరికే ఆగిపోతందని."

వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ పూట రసం నమూనా వడకడితే కేలండరు కాగితం పీలిక ఒకటి దొరికింది. ఏకాదశో ద్వాదశో, తిథి సగం కనబడింది. అది నేను ఎక్కడా రాయలేదు.

దేముడు తిన్నగా రెహానా దగ్గరికి వెళ్లాడు.

"మేడం, ఆ బొట్లు పూజవి కావు."

ఒక్కొక్క బొట్టూ వేలు పెట్టి చూపించాడు. అంతా విని ఆమె అక్కడున్న చెక్కపెట్టె మీద కూలబడింది.

"నేను అడగాల్సింది. మీ దేవుడి సంగతి కదా అని ఊరుకున్నాను."

"దేముడి సంగతేనండి," అన్నాడు వాడు తల వంచుకుని.

ఆమె మర్నాడే రిపోర్టు రాసింది. జనరల్ మేనేజరు దాన్ని నిలబడే చదివాడు.

"ఇవన్నీ సరిచేయడానికి ఎన్నాళ్లు?"

"కొత్త స్విచ్చిలు రావాలి సార్. నెల పడుతుంది."

"నాకు పదిహేను రోజులే ఉన్నాయి. వచ్చే ఏడు చూద్దాం. మీరు ఒప్పుకున్న పని, ఉన్నది ఉన్నట్టు దించడం."

అలా దించిన ప్యానెల్‌కి తను సంతకం పెట్టనంది. వారం తిరక్కుండా ఆమెని వెనక్కి పిలిపించుకున్నారు. ఇంకొకతను వచ్చాడు, పెట్టాడు. దొంగతీగలు కూడా కొత్త ప్యానెల్‌లోకి దిగాయి. ఒక్కొక్కదానికి కొత్త నీలం తీగ, కొత్త నంబరు వచ్చాయి. కంప్యూటరు తెర మీద తాడు బొమ్మ పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది.

నవంబరు 30న పట్టపగలు దేముడు ఆ ప్యానెల్ తెరిచి ఒక్క తీగ పీకాడు. తాడుది. తాడు చివర్లనున్న స్విచ్చిలు విప్పి, తుడిచి, మూతలకి సైకిలు ట్యూబు చుట్టి కలిపాడు. మిగతా పదీ సరిచేయడానికి కావలసినవి వాడి దగ్గర లేవు.

ఇక తాడు లాగితే కేరియర్ ఆగేది. మంచుకీ ముసురుకీ, ఎవరూ లాగకుండానూ ఆగేది. సీజను మొత్తం మీద నలభై మూడు సార్లు. మిల్లు ఆగిన వేళలు రాసే మా లాబ్ లాగ్ పుస్తకంలో అన్నీ ఉన్నాయి. రాసింది నేనే.

జనవరి 19 ఉదయం పదకొండూ ఇరవైకి అప్పన్న పంచె కొస కేరియర్ గొలుసులో పడింది. మోకాలిదాకా లాక్కుపోతుండగా తాడు అందుకున్నాడు. కేరియర్ ఆగింది. బట్ట చింపుకుని బయటపడి, మంచినీళ్లు తాగి, మళ్లీ కొక్కెం పట్టుకున్నాడు. నేను 'తాడు, నాలుగు నిమిషాలు' అని రాశాను.

అనుమతి లేకుండా తీగ తీసి ఉత్పత్తికి భంగం కలిగించాడని ఏప్రిల్లో దేముడి మీద విచారణ పెట్టారు. ఆగిన వేళల జాబితా నా పుస్తకంలోంచే తీశారు. "ఈ రాత మీదేనా?" అనడిగారు. నాదేనన్నాను. అప్పన్ననీ పిలిచారు.

"జనవరి పంతొమ్మిదిన కేరియర్ ఆగిందా?"

"ఆగింది బాబూ."

"ఇతను తీగ తీసినందువల్లేనా?"

అప్పన్న దేముడి వైపు చూసి, చేతులు జోడించాడు.

"అందువల్లే బాబూ. నిజం."

"సరే, ఇక్కడ వేలిముద్ర వెయ్యి."

మే నెలలో దేముణ్ణి తీసేశారు. తీగ మర్నాడే మళ్లీ వేశారు. కాగితం చేతికొచ్చిన రోజున వాడు నూకరాజు ఇంటికి వెళ్తుంటే తోడు వెళ్లాను. ఆయన రిటైరై అప్పటికి అయిదు నెలలు. అరుగు మీద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు.

"గురూగారూ, మీరు సూపించినట్టే సేసినాను."

"ఊఁ."

"ఒక్కటడుగుతాను. ఆ తీగ ఏసింది మీరు. పంతొమ్మిదేళ్లు రోజూ ఆ తలుపు తీసినారు. మీరెందుకు పీకనేదు?"

నూకరాజు లేచి కూర్చున్నాడు. దగ్గు తగ్గేదాకా ఆగాడు.

"నాకు ఉజ్జోగం కావాలి గదరా," అన్నాడు.

దేముడు ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి లేచాడు.

నూకరాజు మరుసటేడు ఆషాఢంలో పోయాడు. ఇల్లు పెద్దకొడుక్కి వచ్చింది. సైకిలు చిన్నకొడుక్కి. పిడి తిప్పి, తీగల్లో కరెంటు కారుతోందో లేదో చూసే ఇత్తడి మీటరు ఒకటుండేది, అది అల్లుడు పట్టుకెళ్లాడు. దాన్ని ఎలా తిప్పాలో అతనికి తెలియదు. ఫోర్‌మన్ కుర్చీ, కొత్త ప్యానెల్ తాళాలతో సహా, అడిగినచోట సంతకం పెట్టే ఒకాయనకి వచ్చింది. జనరల్ మేనేజరుకి ఇంకా పెద్ద ఫ్యాక్టరీ వచ్చింది. పాత ప్యానెల్ తుక్కువాడి పాలైంది. అప్పన్నకి తన రెండు కాళ్లూ దక్కాయి.

దేముడికి ఏమీ దక్కలేదు.