సన్నేసమ్మ ముప్ఫైరెండు రుచులు

అనగనగా ఒక రాజ్యం. దానికో రాజు ఉన్నాడు గాని, ఈ కథ ఆయనది కాదు. ఆయన తినే బెల్లం వండిన సన్నేసమ్మది.

సన్నేసమ్మ మొగుడు పోయి పాతికేళ్ళు. ఏడవాల్సినంత ఏడ్చింది, తర్వాత గరిటె పట్టుకుంది. ఊళ్ళో చెరుకంతా గానుగాడేది మైలగాడనే ముసలి ఎద్దు. ఆ రసం పెనంలో మరిగి బెల్లమయ్యేది సన్నేసమ్మ చేతిలో. పొయ్యి ముందు చిన్న పీట మీద గొంతుక్కూచునేది. పాకం కాస్త నాలిక్కి రాసుకునేది. "దించండి" అనేది. దించేవాళ్ళు. ఒక్క పెనం ముదిరింది లేదు, ఒక్క దిమ్మ చెమ్మగిలింది లేదు.

ఏటా మాఘ పౌర్ణమికి రాజుగారు స్వయంగా వచ్చి, ఆమె వండిన దిమ్మ విరిచి నోట్లో వేసుకునేవారు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. రాజుగారి పెనం ముందు కూచోలేనివాళ్ళు గరిటె ఇంకొకరి చేతిలో పెట్టెయ్యాలి. పెట్టాక మళ్ళీ అడగడం లేదు.

ఒక ఏడు శ్రావణమాసంలో సన్నేసమ్మ వాకిలి ఊడ్చి లేస్తుంటే మోకాళ్ళు ఎండు చెరుకాకు తొక్కినట్టు చప్పుడు చేశాయి. స్తంభం పట్టుకుని లేచింది. ఊరిపెద్ద పెదకాపు అటే పోతూ చూశాడు.

"మాఘానికి ఆరు నెలలే ఉంది, సన్నేసమ్మా. ఆ స్తంభం కూడా పొయ్యి దగ్గరికి మోసుకొస్తావా ఏటి?" అన్నాడు.

ఆ మాట ములుకులా దిగింది. గరిటె పోతే ఆమెకింక ఏముంది? కోడలు అచ్చియమ్మ పెట్టిన ముద్ద తిని గోడకి చేరబడాలి. అది ఆమె వల్ల కాని పని.

ఇంకో సంగతి ఉంది. సన్నేసమ్మకి నాలుగేళ్ళుగా తీపి రోగం. బెల్లం వండేదానికి తీపి రోగమంటే ఊరు ఊరంతా నవ్వుతుందని కోడలికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మొదట మోకాళ్ళ వైద్యుడి దగ్గరికి పోయింది. ఎక్కడ నొప్పి అన్నాడు, చూపించింది. ఇంకేటైనా ఉందా అని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. తేనె, బెల్లం, నెయ్యి కలిపి వండిన లేహ్యం పెద్ద జాడీడు ఇచ్చాడు. మూడోరోజుకి మోకాళ్ళు తేలికపడ్డాయి. పదోరోజుకి కడవెడు నీళ్ళు తాగినా దాహం తీరలేదు, కళ్ళకి మసకలు కమ్మాయి, కాలివేలికి తగిలిన చిన్న దెబ్బ మానకుండా కూచుంది.

భాద్రపదంలో తీపిరోగం వైద్యుడి దగ్గరికి పోయింది. ఆయన అరుగు మెట్లు పళ్ళు బిగించి ఎక్కింది గాని మోకాళ్ళ మాట ఎత్తలేదు. ముసలిదైపోయిందని అంటాడేమోనని. ఆయన తిండి సగం చేసి, రోజూ ఊరి ముందు కొండెక్కి దిగమన్నాడు. ఎక్కింది, దిగింది. దాహం తగ్గింది, చూపు తేరుకుంది. తొమ్మిదోరోజున కొండ దిగేసరికి కుడి మోకాలు తాటిపండంత అయ్యింది.

ఆశ్వయుజంలో ఇరుగుపొరుగమ్మలు తలా ఒక మాట చెప్పారు. అందరూ కలిసి చెప్పింది ఒకటే, కాలు కింద పెట్టొద్దని. సన్నేసమ్మ మంచమెక్కింది. వేడి ఇటుక గుడ్డలో చుట్టి మోకాలి కింద పెట్టుకుంది. ఇటుక జారి పాదానికి తగిలి బొబ్బెక్కింది. ఆ బొబ్బ అచ్చియమ్మ చూసి చెప్తేగాని ఆమెకి తెలియలేదు, పాదాలకి స్పర్శ అంతలా పోయింది. నెల తిరిగేసరికి తొడలు సన్నబడ్డాయి, మోకాళ్ళు బిగుసుకుపోయాయి, పోయిన దాహం మళ్ళీ వచ్చింది.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం గానుగపాకలో మంచమేసుకుని పడుకుని, గరిటె ఎవరికివ్వాలా అని లెక్కలేసుకుంటోంది. పక్కన మైలగాడు నెమరేస్తున్నాడు. నెమరు ఆపి, మనిషిలా అడిగాడు.

"అక్కా, బెల్లం ఎంత తింటావు?"

ఎద్దు మాట్లాడిందని సన్నేసమ్మ కంగారుపడలేదు. ఇరవయ్యేళ్ళుగా అతనితో మాట్లాడుతూనే ఉంది, జవాబు ఇప్పుడొచ్చిందంతే.

"ముట్టనురా. నాలుగేళ్ళయ్యింది."

"పాకమో?"

"అది తినడం కాదు. రుచి చూడ్డం."

"వండే రోజుల్లో పూటకెన్ని పెనాలు దించుతావు?"

"నాలుగు. రెండు పూటలా ఎనిమిది."

"పెనానికి ఎన్నిసార్లు రాసుకుంటావు నాలిక్కి?"

"నాలుగుసార్లు."

మైలగాడు తోకతో ఈగని తోలుకున్నాడు. "ముప్ఫైరెండు," అన్నాడు. "నేను ఎద్దుని, నాకే లెక్కొచ్చింది."

సన్నేసమ్మకి కోపం వచ్చింది. లేచి పోదామంటే కాళ్ళు రాలేదు. అందుకని వింది.

"మోకాళ్ళాయనకి తీపి రోగం చెప్పలేదు, తీపిరోగం ఆయనకి మోకాళ్ళు చెప్పలేదు," అన్నాడు మైలగాడు. "నీ ఒంట్లో ఇద్దరు తోడికోడళ్ళు కాపరం చేస్తున్నారక్కా. ఒకదానికి చాటుగా చీర కొనిస్తే రెండోది ఊరుకుంటుందా? ఇద్దరినీ ఎదురుగా కూచోబెట్టి మాట్లాడు."

"నవ్వుతారురా."

"నవ్వనీ. నా మోకాళ్ళూ చప్పుడు చేస్తాయి. నాలుగు రోజులు కట్టేస్తే లేవలేను, కొండ బండికి కడితే నడవలేను. గానుగ చుట్టూ మెల్లగా తిప్పితే తిరుగుతాను. నాతో తిరుగు. ఇక్కడ ఎత్తూ లేదు, పల్లమూ లేదు."

మర్నాడు సన్నేసమ్మ ఇద్దరు వైద్యుల్నీ ఒకే అరుగు మీదికి పిలిపించి, నాలుగేళ్ళ కథంతా చెప్పింది. ముప్ఫైరెండు సంగతితో సహా. నీ లేహ్యం వల్లనే అని ఆయన, నీ కొండ వల్లనే అని ఈయన, కాసేపు మీసాలు మెలేసుకున్నారు. అచ్చియమ్మ మజ్జిగ తెచ్చిచ్చాక చల్లబడ్డారు. సాయంత్రానికి ఇద్దరూ ఒకటే మాట మీదికొచ్చారు.

లేహ్యం బదులు మజ్జిగలో చేదు చూర్ణం. కొండ బదులు మూడు పూటలా తిన్నాక చదును నేల మీద కాసేపు నడక. ఎత్తు పీట మీద కూచుని కాలు చాపి, పది లెక్కపెట్టి దించడం. వేడి కాపడం పెట్టేముందు అచ్చియమ్మ చెయ్యి పెట్టి చూడాలి, సన్నేసమ్మ పాదాన్ని నమ్మకూడదు. సందేళ దీపం పెట్టకముందే కోడలు ఆ పాదాలు వేళ్ళ సందులతో సహా చూడాలి. అన్నం తగ్గించాలి గాని మానకూడదు. పాకం మాత్రం నాలిక్కి తగలనే కూడదు.

ఇక మొదలుపెట్టింది. ముందు అత్తాకోడళ్ళు గానుగ చుట్టూ రెండు చుట్లు తిరిగి ఆగారు. తర్వాత ఐదు. మార్గశిరం వచ్చేసరికి మైలగాడితో సమంగా ఇరవై. అతను ఒకటే అనేవాడు, "తొందరేటక్కా, గుండ్రంగానే కదా పోతున్నాం." నొప్పి పూర్తిగా పోలేదు. పోతుందని ఎవరూ చెప్పలేదు కూడా. చలిగాలి వీస్తే పలకరించి పోయేది. కాలివేలి పుండు మాత్రం మానింది, దాహం తగ్గి మంచం నీళ్ళ కడవకి దూరంగా జరిగింది.

పుష్యంలో చెరుకు కోతకొచ్చి గానుగాట మొదలైంది. ఇప్పుడు అసలు చిక్కు. నాలిక మీద వేసుకోకుండా పాకం తెలిసేదెలా? సన్నేసమ్మ ఇత్తడి పళ్ళెం, చెంబుడు చన్నీళ్ళు దగ్గర పెట్టుకుంది. పాకం చుక్క నీళ్ళలో వేసి, ఉండ చేసి, పళ్ళెం మీద విసిరి చెవొగ్గింది. మొదటి పెనం మెత్తగా దిగింది. రెండోది మాడింది. పెదకాపు వచ్చి, నాలిక అమ్మేసుకున్నావా ఏటని అడిగిపోయాడు. మూడో పెనంలో ఉండ పళ్ళెం మీద పడి టంగుమంది. దిమ్మ రాయిలా కట్టి, బంగారంలా విరిగింది. ఆ రోజు నుంచి ఆమె చెవితోనే వండింది.

మాఘ పౌర్ణమి వచ్చింది. రాజుగారి పల్లకీ వచ్చింది. సన్నేసమ్మ ఎత్తు పీట వేసుకుని, పొడుగు పిడి గరిటెతో పొయ్యి ముందు కూచుంది. రాణీగారిలా కూచుందిరా అని ఎవరో నవ్వారు. అది కట్టుబాటు కాదని పెదకాపు అడ్డొచ్చాడు.

"పెనం ముందు కూచోవాలన్నారు. కూచున్నాను. పీట ఎత్తెంతో ఎవరూ చెప్పలేదు," అంది.

ఉండ టంగుమంది. "దించండి" అంది. దించారు.

రాజుగారు పల్లకీలోంచే అడిగారు, నోట్లో వేసుకోకుండా ఎలా చెప్పావని. జనమంతా వింటున్నారు. సన్నేసమ్మ లేచి నిలబడింది, స్తంభం పట్టుకోకుండా.

"నాకు తీపి రోగం, దొరా. మోకాళ్ళ నొప్పి కూడా. మొదటిది నాలుగేళ్ళు దాచాను, రెండోది ఒక వైద్యుడి దగ్గర దాచాను. దాచినన్నాళ్ళూ రెండూ పెరిగాయి."

ఎవరూ నవ్వలేదు. రాజుగారు దిగబోయి, పల్లకీ బొంగు రెండు చేతులా పట్టుకుని, పళ్ళు బిగించి దిగారు. ఆ బిగింపు సన్నేసమ్మకి బాగా తెలుసు. బెల్లం దిమ్మ పళ్ళెంతో సహా వెనక్కి లాక్కుంది.

"దొరా, రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తున్నారు?"

బంట్రోతులు కత్తుల మీద చేతులేశారు. రాజుగారు చేత్తో వాళ్ళని ఆపారు.

"ఐదుసార్లు," అన్నారు మెల్లగా. "దాహం."

"అయితే ఈ దిమ్మ మీది కాదు."

"ఏటా చిన్న ముక్కే కదా, సన్నేసమ్మా. రుచికి."

"నేనూ అలాగే అనేదాన్ని," అంది ఆమె. ఎత్తు పీట ఆయన ముందుకి జరిపింది. "కూచోండి. ముందు వైద్యులిద్దర్నీ ఒక్కచోటికి పిలిపించండి. తర్వాత మా మైలగాడు తిప్పుతాడు."

రాజుగారు కూచున్నారు. గరిటె సన్నేసమ్మ చేతిలోనే ఉంది. పెదకాపు ఎవరూ చెప్పకుండానే ఇంకో ఎత్తు పీట తెచ్చి ఆమెకి వేశాడు. దిమ్మ పిల్లలందరికీ పంచారు. మైలగాడికీ ఒక ముక్క పెట్టారు. రెండోది పెట్టబోతే మొహం తిప్పుకున్నాడు.

అందుకని పిల్లలూ, వైద్యుడి ముందు ఒక జబ్బు చెప్పి ఒకటి దాచకండి, రుచి చూసింది తినలేదని మిమ్మల్ని మీరు నమ్మించుకోకండి: నాలిక మరిచిపోయినా ఒళ్ళు లెక్క మరిచిపోదు.