వాకిలికాపుకు కంకణం

వెనకటికి పాలవంక ఏటి ఒడ్డున మల్లెలగిరి అని ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడివాళ్ళకి చెండుకోల ఆటంటే ప్రాణం. చేతుల్లో వంపుకర్రలు, నేల మీద తోలుచెండు, మైదానానికి అటూ ఇటూ రెండేసి గుంజలతో ఒక్కో వాకిలి. చెండును అవతలివాళ్ళ వాకిలి దాటిస్తే గెలుపు. దాటకుండా అడ్డుకునేవాణ్ణి వాకిలికాపు అనేవారు.

ఏటేటా దసరాకు, ఆ ఏడు బాగా ఆడినవాడికి అమ్మవారి పాదాల దగ్గర పెట్టి తీసిన కంకణం రాజుగారు తన చేత్తో తొడగడం ఆచారం. జట్టులోకి కొత్తగా వచ్చినవాడికి కంకణం దక్కితే ఇక వాడి చోటు పదిలం. దక్కకపోతే పండగ మర్నాడే ఇంటికి పంపేసేవారు.

ఆ ఏడు వాకిలికాపుగా కొత్తగా వచ్చినవాడు పోలప్ప. మాట తక్కువ మనిషి. ఆటకు ముందు అమ్మవారికి దణ్ణం పెట్టుకుని గుంజల మధ్య నిలబడితే, చెండు వాణ్ణి దాటిపోవడం గగనమయ్యేది. కంకణం పోలప్పకే ఇవ్వాలని ఊరంతా అంది. సభలో మాత్రం పెద్ద రగడ లేచింది.

రాజు రణరంగరాయలకు అన్నీ తనకే తెలుసునన్న ధీమా. మంత్రి ముమ్మన లేచి, పోలప్ప గొప్పేముంది, వాడి ముందున్న ఆటగాళ్ళు గట్టివాళ్ళు, పైగా నిన్నగాక మొన్న వచ్చాడు, అన్నాడు. నిజమే అని రాజు తల ఊపాడు. సేనాపతి లేచి, ఆ ముందున్నవాళ్ళే నిరుడూ ఉన్నారు, మరి నిరుడు అందరి చేతిలోనూ ఎందుకు ఓడాం, అన్నాడు. అదీ నిజమేననిపించి రాజు మళ్ళీ తల ఊపాడు. ఎవరు కూర్చుంటే వాళ్ళ మాట తప్పుగానూ, ఎవరు లేస్తే వాళ్ళ మాట ఒప్పుగానూ తోస్తోంది ఆయనకు. తల తిరిగిపోయింది. తిరిగిందని ఒప్పుకోవడం రాజుకి నామోషీ.

అందుకని గొంతు సవరించుకుని, "చేసినదానికి బహుమానం గానీ, జరగనివ్వనిదానికి బహుమానమేమిటి? అందునా మొదటి ఏడా?" అన్నాడు.

సభలో వల్లభయ్య అని ఒక చతురుడు ఉండేవాడు. ఆయన లేచి చేతులు జోడించాడు. "ప్రభువుల తీర్పు అమోఘం. శాసనంగా ప్రకటిస్తే మళ్ళీ ఈ తగువు రాదు. మొదటి ఏటి పనికి మన్నన లేదు, అడ్డుకోవడం ఘనకార్యం కాదు. రాజ్యంలో అందరికీ ఇదే వర్తిస్తుంది."

తగువు తీరితే చాలనుకున్న రాజు అక్కడికక్కడే ముద్ర వేయించాడు.

మర్నాడు, దసరా నాడు, ఆయన సభకు బయలుదేరాడు. వందిమాగధులు బిరుదులు చదువుతూంటే ఒక్కో బిరుదుకు ఒక్కో అడుగు వేస్తూ రావడం రాజుకి అలవాటు. ఆ పూట వాళ్ళు, "రాయలవారు వస్తున్నారు," అని ఊరుకున్నారు. రాజు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది. ఏ బిరుదు దగ్గర లేవాలో తెలియక సభలో సగంమంది లేచారు, సగంమంది కూర్చునే ఉన్నారు. కాపలాదారు ఒకడు లేచి కూర్చుని మళ్ళీ లేచాడు. సింహాసనం వెనక నిచ్చెన మీద శిల్పి, తోరణం మీద చెక్కిన రాజుగారి బిరుదుల మీద ఉలి ఆనించి ఉన్నాడు.

రాజుకి ఏమీ బోధపడలేదు. ఇది తన సభేనా అని చుట్టూ చూశాడు.

"ఏమిటయ్యా ఇదంతా?"

వల్లభయ్య ముందుకొచ్చాడు. "శాసనం అమలు చేస్తున్నాం ప్రభూ. తమరి బిరుదులన్నీ పట్టాభిషేకమైన ఏడు వచ్చినవే. శత్రువు ఏరు దాటబోతే తమరు రేవులో అడ్డం నిలబడ్డారు. వాళ్ళ కోట పట్టలేదు, ఏనుగుల్ని తేలేదు. దాటనివ్వలేదు, అంతే. పైగా తమరి ముందు సైన్యం ఉందాయె, తమరి గొప్పేముందని మంత్రిగారు అంటారేమో."

మంత్రి ముమ్మన తోరణంలోని లతలను శ్రద్ధగా చూడసాగాడు.

రాజుకి రోషం వచ్చింది. "సైన్యం చెదిరిపోయాక రేవులో మిగిలింది నేనొక్కణ్ణే. ఆ పూట నేను పక్కకి జరిగుంటే ఈ ఊరుండేదా? ఆపడం పని కాదంటావా?"

 అన్నాక గానీ, ఆపడం పని కాదని నిన్న అన్నది ఎవరో గుర్తురాలేదు. కాసేపు కోపం తెచ్చుకుందామని చూశాడు గానీ రాలేదు. నవ్వొచ్చింది. సింహాసనం చేతులు పట్టుకుని, కిరీటం ఒక పక్కకి ఒరిగేదాకా నవ్వాడు.

శాసనం చింపించి, శిల్పిని దిగమని, పోలప్పను పిలిపించాడు. కంకణం తొడుగుతుంటే పోలప్ప కళ్ళు చెమర్చాయి. రేపు ఇంటికి పోనక్కర్లేదు కదా ప్రభూ అని మాత్రం మెల్లగా అడిగాడు. ముసలితనం వచ్చేదాకా ఆ వాకిలి నీదేనన్నాడు రాజు.

తర్వాత తన మెడలోని ముత్యాలహారం తీసి వల్లభయ్య మెడలో వేయబోతూ ఆగాడు. ఆయనకింకా ఒకటి తేలలేదు.

"వల్లభయ్యా, నిజం చెప్పు. నిన్న నువ్వు నా పక్షాన మాట్లాడావా, నాకు ఎదురు మాట్లాడావా?"

"తమరి పక్షానే ప్రభూ. తమరే నిన్నొక్క పూట అవతలి జట్టులో ఆడారు."