చుక్కలబండి గానుగెద్దు

ఆకాశంలో కూడా ఊళ్ళు ఉంటాయంటే నవ్వకండి. ఎన్ని చందమామలో అన్ని ఊళ్ళు. ఒకదాంట్లో మేకలు, ఒకదాంట్లో బాతులు, గొప్పలకు పోయే నెమళ్ళకు విడిగా ఇంకొకటి. ఈ ఊళ్ళ మధ్య విత్తనాలు మోసుకుతిరిగే నావ ఒకటి ఉండేది. దాని పేరు చుక్కలబండి.

నావ అడుగున ఒక గానుగ. గానుగ తిరిగితే నూనె కారి పొయ్యి మండుతుంది, పొయ్యి మండితే నావ కదులుతుంది. గానుగ తిప్పేవాడు పోలయ్య అనే ఎద్దు. నెమ్మదస్తుడు, పనిమంతుడు, ఎవరేం చెప్పినా తల ఊపే రకం. పైన దారి చూసేవాడు సుబుద్ధి అనే నక్క. ఆ పేరు పెట్టినవాళ్ళు తర్వాత ఎన్నిసార్లు నాలిక కరుచుకున్నారో తెలియదు. చిల్లర పనులకు రెండు కోతులు. అందరికీ పెద్ద కూర్మమ్మ అనే ముసలి తాబేలు.

కూర్మమ్మ రెండు విషయాల్లో ఎవరి మాటా వినేది కాదు. గానుగెద్దుకు కళ్ళగంతలు కట్టనిచ్చేది కాదు. ఎక్కడికి పోతున్నామో ఎద్దుకు కూడా తెలియాలంటూ గానుగ గదికి గాజు కిటికీ పెట్టించింది. రెండోది ఉప్పు. కొత్తగా ఎవరు నావ ఎక్కినా ముందు ఉప్పురాయి నాకాలి. వాళ్ళ తర్వాత నావలో ఉన్నవాళ్ళంతా వరసగా అదే రాయి నాకాలి. అది అయ్యాకే ఎవరి పని వాళ్ళకు చెప్పేది. పోలయ్యకు ఆ రాయంటే ప్రాణం. ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే బాగుండునని ఎదురుచూసేవాడు, మళ్ళీ ఓసారి నాకొచ్చు కదా అని.

ఆ ఏడు మేకల చందమామలో కరువొచ్చింది. దున్నిన నేల ఉంది, వేయడానికి గింజ లేదు. కూర్మమ్మ నావ నిండా విత్తనాలు ఎత్తించి అటు బయల్దేరదీసింది. దారి మహా పొడవు. సగం దూరం పోయేసరికి మేత అడుగంటింది. ఆవిడ మాత్రం విత్తనాల గది తలుపు తీయనివ్వలేదు. తనూ సగమే తింది, అందరికీ సగమే పెట్టింది. తాబేలుకు సగం తిండి ఒక లెక్క కాదు. ఎద్దుకు సగం తిండంటే సగం ప్రాణం.

సరిగ్గా అప్పుడే సుబుద్ధి గానుగ గదిలోకి దిగాడు.

"మామా, డొక్కలు ఎండిపోయాయి నీకు. గోడకవతల గది నిండా గింజలు, ఇవతల నువ్వు ఆకలికి తూలుతున్నావు. ఎవరి కోసం? మొహం ఎరగని మేకల కోసం."

"అమ్మ చెప్పింది కదా అల్లుడూ," అన్నాడు పోలయ్య.

"అమ్మను మనం ఏమీ చేయం. దారిలో బోడిగుండు తగులుతుంది. అక్కడ దింపి, కడుపు నిండా తిని, ఒంట్లోకి సత్తువ వచ్చాక మళ్ళీ వచ్చి ఎక్కించుకుందాం. నువ్వు కొమ్ము కూడా విసరక్కర్లేదు. నీ పని నువ్వు చేసుకో. తిరుగుతూ ఉండు, అంతే."

బోడిగుండు అంటే ఒక రాతి గోళం. గడ్డిపోచ మొలవదు. ఆ సంగతి పోలయ్యకు తెలుసు. కానీ ఆకలి ముందు తెలివి ఎంతసేపు నిలుస్తుంది? తిరగడమే కదా, రోజూ చేసేదే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

మర్నాడు కోతులు కూర్మమ్మను వెల్లకిలా తిప్పి, చెరోపక్కా పట్టుకుని, గానుగ గది ముందు నుంచే చిన్న పడవ దగ్గరికి మోసుకుపోయాయి. ఆవిడ అరవలేదు, ఎవర్నీ తిట్టలేదు. గుమ్మం దాటేటప్పుడు మెడ చాచి పోలయ్యను చూసింది.

"పోలయ్యా, ఒక్కసారి ఆగరా. నువ్వు ఆగితే నావ ఆగుతుంది. నావ ఆగితే వీళ్ళవల్ల ఏమీ కాదు."

అప్పటికే ఎవరో విత్తనాల గది తలుపు తీశారు. కొత్త గింజల వాసన గానుగ గదంతా నిండింది. పోలయ్య తల దించుకుని తిరుగుతూనే ఉన్నాడు. కూర్మమ్మ మెడ లోపలికి తీసుకుంది.

బోడిగుండు చిన్నదైపోతూ కిటికీలో కనిపిస్తుంటే సుబుద్ధి కళ్ళగంతలు తెచ్చాడు. కళ్ళు తిరగకుండా ఉంటాయన్నాడు. ఎవరూ బలవంతం చేయలేదు. పోలయ్యే తల వంచి కట్టించుకున్నాడు. ఆ తర్వాత అతను ఎన్నో తలుచుకుని కుమిలాడు గానీ, ఆ తల వంచడం తలుచుకున్నప్పుడు కుమిలినంతగా దేనికీ కుమల్లేదు.

కడుపు నిండింది. ఒంట్లోకి సత్తువా వచ్చింది. నావ మాత్రం వెనక్కి తిరగలేదు.

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అంటారు. సుబుద్ధికి దొరికినా దొరగానే ఉండే ఉపాయం కావాల్సి వచ్చింది. ఆ రోజుల్లో సింహరాజుకూ పులిరాజుకూ పడేది కాదు. సుబుద్ధి సింహరాజు దగ్గరికి పోయి, నడుం వంగిపోయేలా దండాలు పెట్టి, రాజముద్ర వేసిన కాగితం ఒకటి తెచ్చుకున్నాడు. పులి ఏలుబడిలోని నావలు ఎక్కడ కనిపించినా కొల్లగొట్టవచ్చు, వచ్చిన దాంట్లో సగం రాజుగారికి. అప్పట్నుంచి చుక్కలబండిలో దోపిడీ అనే మాట నిషేధం. రాచకార్యం అనాలి.

మొదటి రాచకార్యం కుందేళ్ళ నావ మీద జరిగింది. పాపం, అవి చలిగోళంలో ఉన్న చుట్టాలకు దుప్పట్లు తీసుకుపోతున్నాయి. గోడ అవతల ఏడుపులు వినిపిస్తే పోలయ్య ఇంకా గట్టిగా తిరిగాడు, గానుగ చప్పుడులో అవి కలిసిపోయేలా. సాయంత్రం సుబుద్ధి కుడితి తెస్తే అడిగాడు, "మరి బోడిగుండు అల్లుడూ?" అని.

"ఈ ఒక్క నావ మామా. తర్వాత బోడిగుండే."

ఆ ఒక్క నావ తర్వాత ఇంకొకటి, దాని తర్వాత మరొకటి. నాలుగోసారి అవతలివాళ్ళు నిప్పు రువ్వారు. ఒక కోతికి తోక కాలింది. రెండు కోతులూ ఆ పూటే పారిపోయాయి. నావ నడపాలంటే కొత్తవాళ్ళు కావాలి.

చుక్కలబండిని సంతగోళంలో దింపి, పోలయ్య గంతలు విప్పి మెట్ల దగ్గర నిలబెట్టాడు సుబుద్ధి. అంత పెద్ద ఎద్దు ఉన్న నావంటే కలిగిన నావ అనుకుంటారని అతని లెక్క. ఉప్పురాయి ఎక్కడుందని పోలయ్య అడిగాడు. పారేశానన్నాడు సుబుద్ధి.

"ఉప్పు తింటే విశ్వాసం పుడుతుంది మామా. విశ్వాసం ఉన్నవాడికి జాలి పుడుతుంది. జాలి మన పనికి అడ్డం. అందుకే నేను ఒక్కటే అడుగుతా, ముందు యజమానిని ఎలా వదిలొచ్చావని. ముంచి వచ్చినవాడినే చేర్చుకుంటా. వాడికి ఇంకెక్కడా కొలువు దొరకదు, చచ్చినట్టు మన దగ్గరే పడుంటాడు."

అలా ముందు మంగతాయి అనే పిల్లి చేరింది. పాలు పోసి పెంచిన యజమానురాలిని కొట్లో పెట్టి గొళ్ళెం వేసి వచ్చింది. తర్వాత గండయ్య అనే తోడేలు. తన గుంపు పెద్ద ఎక్కడ దాక్కున్నాడో వేటగాళ్ళకు చూపించి వచ్చాడు. మరో ముగ్గురు కూడా ఆ బాపతే. తామేదో నక్క తోక తొక్కామని వాళ్ళు మురిసిపోయారు. సుబుద్ధి వాళ్ళను చుట్టూ కూర్చోబెట్టుకుని కూర్మమ్మను దింపిన కథ పూసగుచ్చినట్టు చెప్పాడు. పడవ ఎలా సిద్ధం చేసిందీ, ఏ రాతి మీద వదిలిందీ, ఎద్దుకు ఏం చెప్పి ఒప్పించిందీ. గొప్ప కోసమే చెప్పాడు గానీ, విన్నవాళ్ళు పాఠంలా విన్నారు.

అందరికంటే చివర భైరవయ్య అనే కుక్క వచ్చాడు. ఒక గుడ్డి ఎలుగుబంటి దగ్గర పదేళ్ళు చేసి, ఆయన పోతే పూడ్చిపెట్టి వచ్చానని చెప్పాడు. సుబుద్ధి పగలబడి నవ్వి, ఇక్కడ నీకు పని లేదన్నాడు. భైరవయ్య మెట్లు దిగుతూ పోలయ్య దగ్గర ఆగాడు.

"అన్నా, ఈ ప్రశ్న నిన్ను కూడా అడిగారా? నువ్వెవర్ని వదిలొచ్చావు?"

బోడిగుండు మాట పోలయ్య నోటిదాకా వచ్చింది. ఒక్క మాట చెబితే ఆ కుక్క ఎలాగోలా అక్కడికి చేరేవాడే, పట్టుదల గల మొహం. కానీ మెట్ల పైనుంచి సుబుద్ధి చూస్తున్నాడు. పోలయ్య నెమరు వేయడం మొదలుపెట్టాడు. భైరవయ్య కాసేపు చూసి, తోక దించుకుని సంతలోకి వెళ్ళిపోయాడు. నోరుండీ మూగవాడినయ్యానని పోలయ్య లోపల్లోపల తిట్టుకున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఆరు వారాలు కూడా గడవలేదు. ఒకరోజు సుబుద్ధి భోంచేసి మూతి తుడుచుకుంటుంటే తోడేలు వెనక నుంచి పట్టుకున్నాడు, మిగతావాళ్ళు తాళ్ళు తెచ్చారు. రాజముద్ర కాగితం మంగతాయి చేతిలోకి పోయింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య. సుబుద్ధి మొత్తుకున్నాడు, తాను చేరదీయకపోతే మీరెక్కడుండేవాళ్ళని. ముంచేవాళ్ళనే ఏరి తెచ్చుకున్నావు కదా, మా పని మేం చేయవద్దా అంది మంగతాయి.

తర్వాత ఆమె గానుగ గదిలోకి దిగింది.

"ఎద్దు మామా, నీకు దీంతో సంబంధం లేదు. బోడిగుండు దగ్గరికి వచ్చేశాం, నక్కను దింపేస్తాం. నీ పని నువ్వు చేసుకో. తిరుగుతూ ఉండు, అంతే."

అవే మాటలు. గొంతు మారింది గానీ మాట మారలేదు. ఇన్నాళ్ళూ తాను చేసిందేమిటో ఆ క్షణాన పోలయ్యకు అద్దంలో చూసినట్టు కనిపించింది. అతను ఆగాడు.

గానుగ ఆగింది, పొయ్యి చల్లారింది, నావ నిలిచిపోయింది. తోడేలు కర్ర తెచ్చాడు. వీపు మీద పడ్డ దెబ్బలకు పోలయ్య ఒళ్ళు వణికింది గానీ కాళ్ళు కదలలేదు. సరే, మనమే తిప్పుదాం అన్నారు ఐదుగురూ. గానుగ గుండ్రంగా ఉంటుంది కదా, ఎవరు ఎక్కడ నిలబడ్డా ఇంకొకరు వెనక ఉంటారు. వెనక పిల్లి ఉంటే తోడేలు నడవడు, వెనక తోడేలు ఉంటే పిల్లి నడవదు. నువ్వు ముందంటే నువ్వు ముందని పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

"నన్ను కిందికి పోనివ్వండి," అన్నాడు పోలయ్య చివరికి. "అమ్మను తెస్తాను. ఆవిడ చెబితే తిప్పుతా. ఇంకెవరు చెప్పినా తిప్పను."

తాబేలు మళ్ళీ పెద్దరికం చేస్తే తమ గతేమిటని ఐదుగురూ ఆలోచించారు. ఆవిడ ఎవర్నీ ముంచిన మనిషి కాదట. ఆవిడ ముందైతే వీపు తిప్పి నిలబడినా భయం ఉండదు. ఆ ఒక్క మాట మీద అందరికీ ఒప్పందం కుదిరింది.

పోలయ్య గంతలు తల విదిలించి పారేసి, పడవలో బోడిగుండు మీదికి దిగాడు. కూర్మమ్మ ఒక బండ నీడన ఉంది. డిప్ప మీద దుమ్ము పేరుకుపోయింది. పోయిందేమో అనుకుని పోలయ్య మూతితో ఆ దుమ్ము తుడిచాడు. అలికిడికి ఆవిడ నెమ్మదిగా మెడ బయటికి తీసింది. తాబేలు ప్రాణం కాబట్టి నిలిచింది.

"ఆగావా పోలయ్యా?"

"ఆగాను అమ్మా."

"మంచిది," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేదని అనిపించింది పోలయ్యకు. తర్వాత అడిగింది, "మేకలకు గింజలు చేరాయా?"

పోలయ్య జవాబు చెప్పాల్సిన పని లేకపోయింది. కూర్మమ్మ అతని నున్నటి డొక్కలకేసి, బలిసిన మూపురం కేసి చూసింది. మళ్ళీ అడగలేదు.

నావలోకి వచ్చాక ఆవిడ నక్క కట్లు విప్పించింది. సుబుద్ధి తన తెలివికి ఫలం ఆ రోజు నుంచి అనుభవించాడు. అతను వెనక నడవడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు కాబట్టి ఎక్కడికి పోయినా అందరికంటే ముందు తానే నడవాల్సి వచ్చేది, వెనక ఐదు జతల కళ్ళు పెట్టుకుని.

విత్తనాల గది ఊడ్చినా గుప్పెడు గింజలు రాలేదు. అయినా నావను మేకల చందమామ వైపే తిప్పమంది కూర్మమ్మ.

"ఖాళీ చేతులతో పోయి ఏం చేస్తాం అమ్మా?" అన్నాడు పోలయ్య.

"ఎవరెవరు మిగిలారో చూద్దాం. ఏం జరిగిందో చెబుదాం. నువ్వే చెప్పాలి. తర్వాత వాళ్ళ పొలం దున్ను."

పోలయ్య కాడి కిందికి మెడ పెట్టాడు. అడుగు వేయబోయి ఆగి, చిన్నప్పటి గొంతుతో అడిగాడు, "అమ్మా, ఒక్కసారి ఉప్పు పెట్టవా?"

"నా చేతిలో లేదురా అది," అంది కూర్మమ్మ. "మేకలు పెడితే తిను."

మేకల చందమామ కనిపించేదాకా పోలయ్య కిటికీలోంచే చూస్తూ తిరిగాడు. అక్కడ పచ్చదనం ఏమీ కనిపించలేదు.

గానుగ తిప్పినవాడు నూనె నాది కాదనవచ్చు గానీ, పాపం నాది కాదనలేడు.